దారి తెగని బదిలీ: ఒక సర్కారీ వెబ్‌సైటు పనితనం, మన ఊరి షాపులకు అందులోని పాఠం

2012 అక్టోబరు 17న బ్రిటన్ ప్రభుత్వం తన రెండు పెద్ద వెబ్‌సైట్లకు ఒకేసారి తాళం వేసింది. పౌరుల కోసం నడిచిన డైరెక్ట్‌గవ్ ఒకటి, వ్యాపారుల కోసం నడిచిన బిజినెస్ లింక్ రెండోది. వాటి స్థానంలో జీవోవీ డాట్ యూకే వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ల పైచిలుకు కాలంలో మంత్రిత్వ శాఖల సైట్లు, వాటి కింది వందలాది సంస్థల సైట్లు ఒక్కొక్కటే వచ్చి అందులో కలిసిపోయాయి.

కొత్త సైటు అందరి కంటా పడింది. హంగూ ఆర్భాటం లేని తెల్లటి పేజీలు, పెద్ద అక్షరాలు, సూటి మాటలు. 2013లో లండన్ డిజైన్ మ్యూజియం ఆ ఏటి ఉత్తమ డిజైన్ బహుమతిని దానికే ఇచ్చింది. ఆ రూపం వెనక ఇంకో పనితనం ఉంది. దాన్ని మెచ్చుకున్నవాళ్లు తక్కువ, ఎందుకంటే అది సరిగ్గా జరిగితే ఎవరికీ కనిపించదు. పాత సైట్లలోని ఏ చిరునామా నొక్కినా మనిషి చేరాల్సిన చోటికి చేరాలన్నది అక్కడివాళ్లు పెట్టుకున్న పంతం. వేలకు వేల పాత చిరునామాల్లో ప్రతిదానికీ ఒక జవాబు రాసిపెట్టిన ఆ ఓపికను పరిచయం చేయడానికే ఈ వ్యాసం.

ఎక్కడో లండన్‌లో పుష్కరం కిందట జరిగిన పని మనకెందుకు అంటారా? కొత్త వెబ్‌సైటు చేయించుకున్నాక గూగుల్‌లో వెనకబడిపోయామని వాపోయే డాక్టర్లు, కోచింగ్ సెంటర్ల వాళ్లు, నగల షాపుల వాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. సైటు చూడముచ్చటగానే ఉంటుంది. ‘దగ్గర్లో పిల్లల డాక్టరు’ అని వెతికితే మాత్రం, మొన్నటిదాకా మ్యాపు కింద మొదటి మూడు పేర్లలో ఉన్న క్లినిక్కు ఇప్పుడు కనిపించదు. రంగుల గురించి, ఫొటోల గురించి నెలల తరబడి చర్చించినవాళ్లు పాత పేజీలు ఏమయ్యాయని ఒక్కసారి కూడా అడిగి ఉండరు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ చిక్కును ముందే ఊహించి విప్పిన పని ఎలా ఉంటుందో తెలియాలంటే జీవోవీ డాట్ యూకే కన్నా మంచి నమూనా నాకు కనిపించలేదు.

చిరునామాకు ఉన్న విలువ

స్థానిక ఫలితాలకు గూగుల్ మూడు కొలతలు చెబుతుంది. వెతికిన మాటకు ఆ షాపు ఎంత సరిపోతుంది, వెతికిన మనిషికి ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. మొదటిదాన్ని రాతతో సరిచేసుకోవచ్చు. రెండోదానికి మనం చేయగలిగింది లేదు. మూడోదాంట్లో రివ్యూలతో పాటు ఇతర సైట్లు మనకిచ్చిన లింకులు, మామూలు వెబ్ ఫలితాల్లో మన సైటుకున్న స్థానం కూడా కలుస్తాయి. సైటు మార్చినప్పుడు దెబ్బ పడేది ఈ మూడోదాని మీదే. ఏ పత్రిక వార్తలోనో, కాలనీ సంఘం పేజీలోనో, వ్యాపార డైరెక్టరీలోనో ఏళ్ల నుంచి ఉన్న లింకు పాత చిరునామానే చూపిస్తుంటుంది. ఆ చిరునామా చచ్చిపోతే, దాని మీదుగా వచ్చిన పేరూ పోతుంది. లింకు ఇచ్చినవాళ్లు వెనక్కి వచ్చి దిద్దరు. పేజీ మారిన సంగతే వాళ్లకు తెలియదు.

షాపు మారినప్పుడు పాత షట్టరు మీద ‘మా దుకాణము ఎదురు వీధిలోకి మార్చబడినది’ అని కాగితం అంటిస్తారు కదా, వెబ్‌లో ఆ కాగితానికి ఒక అంకె ఉంది: 301. పేజీ శాశ్వతంగా మారింది, కొత్త చోటు ఇదీ అని సర్వరు చెప్పే మాట అది. 302 అంటే ప్రస్తుతానికి అక్కడ ఉంది, మళ్లీ ఇక్కడికే రావచ్చు అని. 404 అంటే అలాంటిదేదీ దొరకలేదని. 410 అంటే ఒకప్పుడు ఉండేది, కావాలనే తీసేశామని. చూడటానికి నాలుగు అంకెలే. మనిషికి వీటి మధ్య తేడా పెద్దగా తెలియకపోవచ్చు, సెర్చ్ ఇంజన్‌కు మాత్రం చాలా తేడా ఉంది. 301 చూస్తే పాత పేజీ సంపాదించుకున్న పేరును కొత్త పేజీ ఖాతాలో వేస్తుంది. ఈ మళ్లింపులో ఆ విలువ తరగదని గూగుల్ ఉద్యోగులు 2016లో బాహాటంగానే చెప్పారు.

మంచి చిరునామా మారకూడదని వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక చిన్న వ్యాసం రాశారు. ఆదర్శం అదే. కానీ సంస్థలు విలీనమవుతాయి, ప్రభుత్వాలు మారతాయి, సాఫ్ట్‌వేరు పాతబడుతుంది. మార్పు తప్పనప్పుడు మర్యాదగా మారడం ఎలాగన్నదే అసలు నైపుణ్యం.

ఒక్క గీతను దగ్గరగా చూద్దాం

ఈ పని చేసిన విభాగం పేరు గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్. ప్రభుత్వ సైట్లను పైపైన సరిదిద్దితే లాభం లేదు, సమూలంగా మార్చాలని మార్తా లేన్ ఫాక్స్ 2010లో ఇచ్చిన నివేదిక దాని పుట్టుకకు మూలం. 2011లో మైక్ బ్రాకెన్ నాయకత్వంలో పని మొదలైంది. ప్రభుత్వ సమాచారం కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముందు గూగుల్‌లోనే వెతుకుతారని, కాబట్టి తమ సైటుకు అసలు ముఖద్వారం గూగులేనని ఆ బృందం మొదటినుంచీ నమ్మింది. ఆ నమ్మకం ఉన్నవాళ్లు పాత లింకులను గాలికి వదిలేయలేరు.

డైరెక్ట్‌గవ్ చిరునామా చదవడమే ఒక ఆయాసం. వాహన పన్ను కట్టే పేజీనే తీసుకుందాం. సైటు పేరు తర్వాత ఇంగ్లిషుకు గుర్తుగా రెండక్షరాలు, ఆ తర్వాత ‘మోటరింగ్’ అనే విభాగం, దాని కింద వాహన యజమానుల ఉపవిభాగం, దాని కింద పన్ను ఎలా కట్టాలనే మరో అర, చిట్టచివర ‘డీజీ’ అనే రెండక్షరాలు, ఒక అండర్‌స్కోరు, అంకెల వరస. పేజీకి అసలు గుర్తు ఆ చివరి అంకెలే. ముందున్నదంతా ఆఫీసు తన అరల్ని సర్దుకున్న తీరు. కొత్త చిరునామాలో సైటు పేరు పక్కన ఒకే ఒక్క మాట: ‘టాక్స్-డిస్క్’. అప్పట్లో బ్రిటన్‌లో పన్ను కట్టిన కారు అద్దానికి గుండ్రటి కాగితం అంటించేవాళ్లు. జనం వెతికే మాట అదే కాబట్టి చిరునామా కూడా అదే అయింది.

పాత, కొత్త చిరునామాలను జోడించే మళ్లింపుల పట్టికలో ఇదంతా ఒక్క గీత. ఎడమవైపు పాత చిరునామా, నడుమ 301, కుడివైపు కొత్త చిరునామా. ఆ ఒక్క గీత రాయాలంటే ఒక మనిషి పాత పేజీ తెరిచి చదవాలి, అక్కడికి వచ్చేవాడికి ఏం కావాలో గ్రహించాలి, కొత్త సైటులో ఆ అవసరం ఏ పేజీ తీరుస్తుందో వెతకాలి, అలాంటి పేజీ అసలు ఉందో లేదో తేల్చాలి. పాతవి మూడు పేజీలు కలిసి కొత్తది ఒకటైన చోట మూడు గీతలు ఒకే చోటికి వస్తాయి. పాతది ఒకటి నాలుగుగా విడిపోయిన చోట, ఎక్కువమందికి కావలసింది ఏదో చూసి దానికే పంపాలి. ఈ నిర్ణయాలు యంత్రం తీసుకోలేదు. వాటిని రాసుకోవడానికి, పోల్చి చూసుకోవడానికి ఆ బృందం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేరు పనిముట్లు తయారు చేసుకుంది. నిర్ణయం మాత్రం మనిషిదే.

చాలామంది వెబ్ డెవలపర్లు ఇక్కడే అడ్డదారి తొక్కుతారు. పాత పేజీలన్నిటినీ గంపగుత్తగా కొత్త సైటు మొదటి పేజీకి మళ్లించి చేతులు దులుపుకుంటారు. లింకు తెగలేదు కదా అంటారు. మోకాలి ఆపరేషన్ గురించి చదువుదామని వచ్చిన రోగి ఆసుపత్రి ముఖచిత్రం దగ్గర నిలబడతాడు. గూగుల్‌కూ ఈ ఎత్తు తెలుసు. సంబంధం లేని చోటికి మూకుమ్మడిగా మళ్లించిన పేజీలను అది తెగిపోయిన పేజీల కిందే జమకట్టవచ్చు. అలా జమకడితే మళ్లించీ లాభం లేనట్టే.

ఆ గీత కథ ఇంకా ఉంది. 2014 అక్టోబరు 1 నుంచి బ్రిటన్ ఆ గుండ్రటి కాగితాన్నే రద్దు చేసింది. చిరునామాలోని మాట పాతబడింది, పేజీ ‘వెహికల్-టాక్స్’ అనే పేరుకు మారింది. ఇలాంటి చోటే గొలుసులు పుడతాయి. మొదటి పాత చిరునామా రెండోదానికి, రెండోది మూడోదానికి పంపుతుంది. గూగుల్ బాట్ పది మళ్లింపుల దాకా వెంట నడుస్తుంది కానీ, మూడు దాటనివ్వొద్దని గూగులే సలహా ఇస్తుంది. ప్రతి మళ్లింపుకూ పేజీ కొంత ఆలస్యమవుతుంది, ఎక్కడో ఒక కొక్కెం ఊడే ప్రమాదం పెరుగుతుంది. అందుకే పట్టిక ఒకసారి రాసి మూలన పడేసే కాగితం కాకూడదు. కొత్త మార్పు వచ్చినప్పుడల్లా దాన్ని తెరిచి, పాత గీతల్ని చివరి గమ్యానికి సూటిగా సవరించాలి.

ఒకే పేజీకి వంద వేషాలు

బిజినెస్ లింక్ తెచ్చిన తలనొప్పి వేరు. దాని చిరునామాల్లో ప్రశ్నార్థకం తర్వాత ఒక పెద్ద తోక ఉండేది. టాపిక్ నంబరు, ఐటెం నంబరు, పేజీ రకం, ఇంకా ఏవేవో. వాటిలో కొన్ని లేకపోయినా పేజీ తెరుచుకునేది, కొన్ని లేకపోతే తెరుచుకునేది కాదు. అదే పేజీకి ఒకరు ఒక వరసలో, ఇంకొకరు ఇంకో వరసలో లింకు ఇచ్చి ఉంటారు. ఒకరు పెద్దక్షరాలు వాడతారు, ఒకరు చిన్నక్షరాలు. ఒకరు చివర ఏటవాలు గీత పెడతారు, ఒకరు వదిలేస్తారు. కంప్యూటరుకు ఇవన్నీ వేర్వేరు చిరునామాలు.

దీనికి వాళ్లు కనిపెట్టిన మార్గం ముచ్చటగా ఉంటుంది. పట్టికలో వెతికే ముందు ప్రతి చిరునామాకూ ఒకే రూపం ఇస్తారు. పెద్దక్షరాలను చిన్నవి చేస్తారు. చివరి ఏటవాలు గీతను కత్తిరిస్తారు. తోకలో పేజీని నిర్ణయించే ముక్కలేవో ప్రతి సైటుకూ విడిగా రాసుకుని, వాటిని మాత్రమే ఉంచి మిగతావి పారేస్తారు. మిగిలినవాటిని ఒక క్రమంలో పేరుస్తారు. ఇంత చేశాకే పట్టిక తెరుస్తారు. దీంతో వంద వేషాల్లో వచ్చిన పేజీ ఒకే పేరుతో దొరుకుతుంది. ఈ కోడును దాచుకోకుండా గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టారు. చదవగలిగినవాళ్లు ఇవాళ కూడా చదివి నేర్చుకోవచ్చు.

తెలుగులో చిరునామాలు పెట్టుకునే సైట్లకు ఈ పాఠం రెట్టింపు అవసరం. పేజీ పేరు ‘విజయవాడ’ అని పెట్టామనుకోండి. మనకు కనిపించేది ఐదక్షరాలు. గుణింతాలతో కలిపి కంప్యూటరు లెక్కలో అవి ఏడు సంకేతాలు. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, ఒక్కో బైటు చిరునామాలో శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాల చోటు తీసుకుంటుంది. మొత్తం 63. ఆ 63 అక్షరాల ముద్దనే వాట్సాప్‌లో కాపీ చేసి పంపుతాం, అదే సర్వరు లాగులో పడుతుంది. మళ్లింపు నియమం తెలుగు అక్షరాల్లో రాసి, సర్వరు ఆ ముద్దతో పోల్చి చూస్తే రెండూ కలవవు. పాత లింకు 404కి పోతుంది. అందువల్ల తెలుగు చిరునామాలున్న సైటును మార్చేటప్పుడు ప్రతి గీతనూ రెండు రూపాల్లోనూ నొక్కి చూసుకోవాలి.

పోయినదానికి కూడా జవాబు

జీవోవీ డాట్ యూకే చాలా పాత పేజీలను కొత్త సైటులోకి తీసుకోలేదు. జనానికి అక్కరలేనివి, ప్రభుత్వం మాత్రమే చెప్పాల్సిన పని లేనివి, కాలం చెల్లినవి వదిలేసింది. అలా వదిలేసిన పేజీ కోసం వచ్చిన మనిషికి ఏం చెప్పాలి? పాత సైట్లు ఇలాంటి చోట మౌనం వహించేవి.

బ్రిటన్‌లో ఈ మౌనం మీద అంతకుముందే రగడ జరిగింది. 1997 నుంచి 2006 వరకు పార్లమెంటు చర్చల అధికారిక నివేదిక హాన్సర్డ్‌లో నమోదైన ప్రభుత్వ వెబ్ లింకుల్లో 60 శాతం తెగిపోయినట్టు పరిశీలనలో బయటపడింది. సభలో మంత్రి ఇచ్చిన జవాబుకు ఆధారమే మాయమైపోతే అది వట్టి సాంకేతిక లోపం అనిపించుకోదు. దాంతో నేషనల్ ఆర్కైవ్స్ ప్రభుత్వ సైట్లను క్రమం తప్పకుండా భద్రపరచడం, తెగిన లింకులను ఆ భాండారానికి మళ్లించడం మొదలైంది.

కొత్త బృందం ఆ ఏర్పాటును అందిపుచ్చుకుంది. తీసేసిన పేజీకి 410 ఇచ్చింది. దానితో పాటు కనిపించే పేజీలో ఇది తొలగించాం అని తేటగా రాసి, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న పాత ప్రతికి లింకు పెట్టింది. పట్టికలో ఇలాంటి గీతలకు ఇంకో గడి కూడా ఉంది. ప్రభుత్వం చెప్పకపోయినా ఆ విషయం బాగా చెప్పే వేరే సైటు ఏదైనా ఉంటే అందులో సూచించవచ్చు. సెర్చ్ ఇంజన్‌కు ‘ఇది ఇక లేదు, జాబితాలోంచి తీసెయ్’ అనే ఖచ్చితమైన మాట అందింది, చదవడానికి వచ్చిన మనిషికి దారీ దొరికింది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ 410 పేజీ. లేదు అని చెప్పడంలో కూడా ఇంత శ్రద్ధ చూపిన ఆఫీసులు అరుదు.

తెరిచే ముందు, తెరిచాక

పట్టిక రాయడం సగం పనే. రాసిందంతా సైటు తెరవకముందే యంత్రంతో పరీక్షించారు. పాత చిరునామాలను వరసగా పిలిచి, వచ్చిన అంకె అనుకున్నదేనా, 301 అయితే చేరిన పేజీ నిజంగా తెరుచుకుంటోందా అని చూడటం ఆ పరీక్ష. గీత సరిగ్గానే ఉండి గమ్యం పేరులో ఒక అక్షరం తప్పుపడితే మనిషి కన్ను దాటిపోవచ్చు, పరీక్ష దాటనివ్వదు.

తర్వాతి దశలో మంత్రిత్వ శాఖల సైట్లు కదిలేనాటికి పద్ధతి ఇంకా పదునెక్కింది. మొదట్లో మళ్లింపులన్నీ సర్వరు కాన్ఫిగరేషన్ ఫైళ్లలో ఉండేవి. ఒక గీత మార్చాలంటే ప్రోగ్రామరు రావాలి. తర్వాత పట్టికను డేటాబేసులోకి తెచ్చి, ‘ట్రాన్సిషన్’ అనే పనిముట్టుతో శాఖల్లోని సంపాదకులే దిద్దుకునేలా చేశారు. ‘బౌన్సర్’ అనే చిన్న ప్రోగ్రాము పాత డొమైన్లకు వచ్చిన ప్రతి పిలుపునూ అందుకుని, ఆ పట్టిక చూసి జవాబిస్తుంది. పాత చిరునామాలకు ఇంకా ఎంతమంది వస్తున్నారో, వారిలో ఎవరికి 404 ఎదురవుతోందో అదే పనిముట్టులో కనిపిస్తుంది. ఎక్కువమంది గుద్దుకుంటున్న గోడ ఏదో తెలిస్తే ముందు అక్కడ తలుపు పెట్టవచ్చు.

సైటు తెరిచిన రోజుతో ఈ పని అయిపోదని వాళ్లకు తెలుసు. పాత డొమైన్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి నిలబెట్టుకున్నారు. మళ్లింపులు కనీసం ఏడాది ఉంచాలని, వీలైతే ఇంకా ఎక్కువ కాలం ఉంచాలని గూగుల్ చెబుతుంది. సెర్చ్ ఇంజన్‌కు ఏడాది చాలవచ్చు. ముద్రించిన పుస్తకంలో, కరపత్రంలో, ఎవరి బుక్‌మార్కుల్లోనో ఉన్న చిరునామాకు ఏడాది లెక్క వర్తించదు.

స్థానిక సేవల లింకులు

స్థానిక సేవల విషయంలో ఈ బృందం ముందు ఇంకా కష్టమైన లెక్క ఉంది. చెత్త ఏ రోజు తీసుకెళ్తారు, రోడ్డు మీద గుంత పడితే ఎవరికి చెప్పాలి, బడిలో సీటుకు ఎక్కడ దరఖాస్తు చేయాలి, ఇలాంటి పనులు బ్రిటన్‌లో స్థానిక కౌన్సిళ్లవి. వాటి సైట్లు వాటివే, అవి జీవోవీ డాట్ యూకేలో కలవలేదు. మరి లండన్‌లోని మనిషికీ, కార్న్‌వాల్‌లోని మనిషికీ ఒకే పేజీ ఎలా దారి చూపాలి?

వాళ్లు పోస్ట్‌కోడ్ అడుగుతారు. ఆ పోస్ట్‌కోడ్ ఏ కౌన్సిల్ పరిధిలోకి వస్తుందో మొదట్లో మైసొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ తయారుచేసిన మ్యాపిట్ సాఫ్ట్‌వేరు చెప్పేది. దేశం మొత్తానికి స్థానిక సేవల ఉమ్మడి జాబితా ఒకటి ఉంది. అందులో ప్రతి సేవకూ ఒక నంబరు. కౌన్సిల్ పేరు, సేవ నంబరు కలిస్తే ఆ కౌన్సిల్ సైటులోని సరైన పేజీ దొరుకుతుంది. దొరక్కపోతే కౌన్సిల్ మొదటి పేజీకి పంపుతారు.

కౌన్సిళ్లు తమ పేజీలను ఎవరికీ చెప్పకుండా మార్చేస్తుంటాయి. దానికి విరుగుడుగా ఈ లింకులన్నీ ఒకచోట చూసి, తెగినవి ఏవో పట్టుకునే పనిముట్టు కూడా తర్వాత కట్టారు. పరిపాలన సరిహద్దులే మారినప్పుడు అసలు పరీక్ష. 2019 ఏప్రిల్ 1న డోర్సెట్ ప్రాంతంలో తొమ్మిది కౌన్సిళ్లు పోయి రెండు వచ్చాయి. ఊళ్లు అక్కడే ఉన్నాయి, ఇళ్లు అక్కడే ఉన్నాయి, చెత్తబుట్ట కూడా అదే వీధిలో ఉంది. మారింది దాని గురించి అడగాల్సిన చోటు. పోస్ట్‌కోడ్‌ను పట్టుకుని పని చేసిన ఏర్పాటులో కౌన్సిళ్ల వివరాలు, లింకులు మార్చితే సరిపోతుంది, వచ్చే మనిషి అడిగే తీరు మారదు.

మన ఊళ్లకు వస్తే

తెలుగువాళ్లకు ఈ అనుభవం కొత్తేం కాదు. హనుమకొండలోని ఒక దుకాణం 2016కు ముందు వరంగల్ జిల్లాలో ఉంది, ఆ తర్వాత వరంగల్ అర్బన్‌లో ఉంది, 2021 నుంచి హనుమకొండ జిల్లాలో ఉంది. షట్టరు అంగుళం కూడా జరగలేదు. విజయవాడ దుకాణం 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారింది. సొంత సైటులో ఒక జిల్లా, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఇంకో జిల్లా, జస్ట్‌డయల్‌లో మూడో రాత ఉంటే, అవన్నీ ఒకే దుకాణమని పోల్చుకోవడం యంత్రానికి కష్టమవుతుంది. పేజీలు మార్చే సమయమే ఈ రాతలన్నీ ఒక తీరుకు తేవడానికి మంచి సమయం. పేరు, చిరునామా, ఫోన్ నంబరు ప్రతిచోటా ఒకే తీరుగా ఉండాలి.

బ్రాంచీలున్న వ్యాపారానికి బ్రాంచికో పేజీ ఉండటం మేలు. పాత సైటులోని గుంటూరు పేజీ కొత్త సైటులోని గుంటూరు పేజీకే పోవాలి, అన్నీ కలిపి కుక్కిన ‘మా శాఖలు’ పేజీకి పంపితే ఆ ఊరి పేరు మీద సంపాదించుకున్న బలం పలచబడుతుంది. బిజినెస్ ప్రొఫైల్‌లో వెబ్‌సైటు గడిని మళ్లింపుకు వదిలేయకుండా కొత్త పేజీ చిరునామా నేరుగా రాయాలి. మన చేతిలో ఉన్న లింకులన్నీ, అంటే ఫేస్‌బుక్ పేజీ, డైరెక్టరీలు, సైటు లోపలి మెనూలు, సైట్‌మ్యాపు, నేరుగా దిద్దుకోవాలి. మళ్లింపు మన చేతిలో లేని లింకుల కోసం. డొమైనే మారితే సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలిపే సదుపాయం వాడాలి. అదే డొమైన్‌లో పేజీలు మాత్రమే జరిగితే దాని అవసరం లేదు. డొమైను, డిజైను, రాత, షాపు పేరు అన్నీ ఒకే రోజు మార్చకపోవడం మంచిది. ర్యాంకు పడితే దేనివల్ల పడిందో తేల్చుకోవడానికి కొంచెమైనా ఆధారం మిగలాలి. ఒక మోస్తరు సైటుకైనా గూగుల్ కొత్త చిరునామాలను పూర్తిగా ఎక్కించుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ కొన్ని వారాల ఒడిదుడుకులకు కంగారుపడి మళ్లీ అన్నీ మార్చేస్తే మొదటికే మోసం వస్తుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మన కళ్ల ముందే ఉంది. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ చిన్న వ్యాపారులకు ఉచితంగా ఒక పేజీ సైటు ఇచ్చేది. 2024 మార్చిలో వాటిని ఆపేసింది. ఆ చిరునామాలకు వచ్చినవాళ్లను ఆ ఏడు జూన్ 10 దాకా ప్రొఫైల్‌కు మళ్లించింది, తర్వాత అదీ ఆగిపోయింది. మూడు నెలల వ్యవధి. విజిటింగ్ కార్డు మీద, ఆటో వెనక, షాపు బోర్డు మీద ఆ చిరునామా రాయించుకున్నవాళ్లకు చేయగలిగింది లేకపోయింది, ఎందుకంటే ఆ డొమైను వాళ్లది కాదు. ఏడాదికి వందల రూపాయల్లో దొరికే సొంత డొమైను ఉంటే, పేజీ ఎక్కడ పెట్టినా దారి మన చేతిలోనే ఉంటుంది.

జీవోవీ డాట్ యూకే పనిలో లోపాలు లేకపోలేదు. సరళంగా చెప్పాలనే పట్టుదలలో నిపుణులకు కావలసిన లోతైన సమాచారం పలచబడిందన్న విమర్శ వచ్చింది. మళ్లింపు ఎంత చక్కగా ఉన్నా, చేరిన చోట సరుకు తక్కువైతే వచ్చినవాడు నిరాశపడతాడు. అది రాతకు సంబంధించిన తగవు. దారి వేసినవాళ్ల పనిలో మాత్రం నాకు వేలు పెట్టే చోటు కనిపించలేదు. ప్రతి పాత చిరునామా వెనకా ఒక మనిషి ఉంటాడని గుర్తుంచుకుని చేసిన పని అది. సెర్చ్‌లో స్థానం నిలవడం ఆ మర్యాదకు దక్కిన ఫలితం.

మీరూ త్వరలో సైటు మార్చబోతున్నారా? అయితే పని ఒప్పుకున్న డెవలపరును ముందే ఒక షీటు అడగండి. అందులో మీ పాత పేజీలన్నీ ఒక్కొక్క గీతగా ఉండాలి, ప్రతి గీత పక్కనా 301 అయితే కొత్త చిరునామా, 410 అయితే దానికి కారణం రాసి ఉండాలి. సైటు తెరిచిన రోజు ఆ షీటులోంచి ఓ పాతిక పాత లింకులు మీరే ఫోన్‌లో నొక్కి చూడండి. అన్నీ సరైన పేజీకి చేరాకే చివరి వాయిదా డబ్బు ఇవ్వండి. పాత డొమైను రెన్యూవల్ తేదీ మాత్రం మీ సొంత క్యాలెండరులో రాసుకోండి.